వేట సీజన్ మొదలవకముందే మీ గన్‌డాగ్ విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బ్రిటన్‌లో గ్రౌజ్ పక్షుల వేట ఆగస్టు 12న మొదలవుతుంది. సెప్టెంబరు 1 నుంచి కౌజులు, బాతులు, అక్టోబరు 1 నుంచి ఫెజెంట్లు. ఫెజెంట్ల సీజన్ ముగిసేది ఫిబ్రవరి 1న. వేటలో పడిన పక్షులను వెతికి తెచ్చే కుక్కే గన్‌డాగ్. వేసవి ఎండ నుంచి గడ్డకట్టే చలి దాకా ఒకే కుక్క ఒకే సీజన్‌లో అన్నీ చూస్తుంది. ఆ పనికి దాన్ని సిద్ధం చేయడం జూన్‌లోనే మొదలుకావాలి.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటి వేటకు ఇప్పుడు అనుమతి లేదు కాబట్టి, గన్‌డాగ్ పని మనలో చాలామందికి బ్రిటన్‌కి వచ్చాకే తెలుస్తుంది. తుపాకీ పట్టకుండా ఇందులో పాలుపంచుకునే దారి పికింగ్ అప్. తుపాకులవాళ్లకు బాగా వెనకాల కుక్కతో నిలబడి, కింద పడిన పక్షులను, ముఖ్యంగా గాయపడి పొదల్లోకి దూరినవాటిని వెతికించి తెప్పించడమే ఆ పని. కుక్క దొరకబుచ్చుకుంటే ఆ పక్షి బాధ నిమిషాల్లో తీరుతుంది. లేకపోతే రాత్రంతా ఎక్కడో కంచె కింద నరకం అనుభవిస్తుంది. నాకు ఈ పని మీద గౌరవం కలిగింది అందుకే.

ముందుగా ఒక్క విషయం. పని కోసం తరతరాలుగా ఎంచి పెంచిన లాబ్రడార్‌కి, స్పానియల్‌కి తనంతట తాను ఆగాలని అనిపించదు. కాలు తెగినా, ఒళ్లు కాలిపోతున్నా తోక ఊపుతూనే ఉంటుంది. ఇంట్లో పెంచుకునే కుక్క అలిసిపోతే పడుకుంటుంది, ఇది పడుకోదు. కాబట్టి ఎప్పుడు ఆపాలన్నది మన చేతిలో ఉంది, మన కళ్ల మీద ఆధారపడి ఉంది. కింద చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే.

ఒళ్లు తగ్గించండి, కాళ్లు గట్టిపరచండి

వేసవంతా సోఫా మీద గడిపిన కుక్కను నేరుగా కొండ మీదికి తీసుకెళ్లకూడదు. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. మొదట పొద్దున్నే లీష్ మీద రోడ్డు నడక. దీంతో కండరాలతో పాటు పాదాల మెత్తలు కూడా గట్టిపడతాయి. తర్వాత ఎత్తుపల్లాలు, ఈత, చివర్లో డమ్మీలు (శిక్షణలో పక్షికి బదులు వాడేవి) విసిరి తెప్పించడం. బంతిని అదే పనిగా దూరం విసిరి పరిగెత్తించడం ఫిట్‌నెస్ అనిపిస్తుంది కానీ, ఆ హఠాత్తు మలుపుల్లో మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది.

పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తెలియాలి. తెలియకపోతే కుక్క బరువెక్కిందనే అర్థం. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకి ఆకలి తీరిందన్న సంకేతాన్ని దెబ్బతీసే జన్యులోపం ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చెప్పారు. అది జాలిగా చూసినప్పుడల్లా పెట్టకుండా కొలిచి పెట్టండి.

లాబ్రడార్ కొనేటప్పుడే, లేదా ఇప్పుడైనా, ఇ.ఐ.సి. (శ్రమ వల్ల కూలబడే జబ్బు) ఉందేమో చూసే జన్యు పరీక్ష చేయించండి. ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన కుక్క మామూలుగా చలాకీగానే ఉంటుంది. ఉత్సాహంతో అయిదు, పది నిమిషాలు జోరుగా పరిగెత్తాక వెనక కాళ్లు పట్టు తప్పి ఈడుస్తుంది. చాలావరకు కాసేపటికి తేరుకుంటుంది కానీ, ఆపకుండా పరిగెత్తిస్తే ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటి కుక్కకు ఈ పని వద్దు.

వడదెబ్బ

నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. ఆగస్టులో గ్రౌజ్ కొండల మీద చెట్టు ఉండదు, నీడ ఉండదు. మనకు ఇరవై రెండు డిగ్రీలు హాయిగా ఉంటాయి. మోకాళ్లెత్తు హెదర్ పొదల్లో గంటసేపు గెంతుతూ పరిగెత్తే కుక్కకు అదే ఉష్ణోగ్రత ప్రమాదం. కుక్కల వడదెబ్బ అనగానే కారులో వదిలేసినవే గుర్తొస్తాయి గానీ, బ్రిటన్‌లో ఎక్కువ కేసులు శ్రమ వల్ల వచ్చేవే.

నాలుకను చూడండి. మామూలు రొప్పులో అది సన్నగా, గులాబీ రంగులో వేలాడుతుంది. ఒళ్లు వేడెక్కేకొద్దీ నాలుక చివర గరిటెలా వెడల్పవుతుంది, రంగు ముదురుతుంది, మూతి పక్కలు వెనక్కి లాగేసినట్టు కనిపిస్తాయి. లాలాజలం చిక్కబడుతుంది. పిలిస్తే వస్తుంది కానీ తిన్నగా రాదు, కాస్త పక్కకు తూలుతుంది. నాలుక వెడల్పైనప్పుడే ఆపేయాలి, తూలే దాకా చూడకూడదు.

వడదెబ్బ తగిలిందనిపిస్తే ముందు చల్లబరచండి, తర్వాతే వెట్ దగ్గరికి బయల్దేరండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కను, తల నీళ్లపైనే ఉండేలా పట్టుకుని, చల్లటి నీళ్లలో ముంచవచ్చు. ముసలిదైనా, వేరే జబ్బు ఉన్నదైనా ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడండి. తడి తువ్వాలు మీద కప్పేసి వదలొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కారులో ఏసీ వేసి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా వెట్‌కి చూపించాల్సిందే, ఎందుకంటే కిడ్నీలు, లివర్ దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ బయటపడదు. హైదరాబాద్‌లో, విజయవాడలో లాబ్రడార్ పెంచేవాళ్లకూ ఈ పేరా అక్షరాలా వర్తిస్తుంది. అక్కడైతే ఏప్రిల్‌లో పొద్దున ఏడు దాటాక నడక కూడా వద్దు.

ఆగమనే విజిల్

చాలామంది కుక్కకు పక్షిని తేవడం నేర్పుతారు, ఆగడం సగం నేర్పి వదిలేస్తారు. నా దృష్టిలో సీజన్‌కి ముందు చేయాల్సిన శిక్షణ అంతా ఒక్క పొడుగాటి ఊదుడులోనే ఉంది. అది వినగానే కుక్క ఎక్కడున్నా కూర్చుని మీవైపు చూడాలి. ముందు రోడ్డు ఉండొచ్చు, గొర్రెల మంద ఉండొచ్చు, ముళ్లతీగ ఉండొచ్చు. గొర్రెల వెంట పడే కుక్కను కొన్ని పరిస్థితుల్లో రైతు కాల్చినా చట్టం అతని పక్షానే ఉంటుంది.

నేర్పే పద్ధతి ఇది. కుక్క పక్కనే నడుస్తుండగా ఊది, చెయ్యి పైకెత్తి, కూర్చోగానే మెచ్చుకోండి. అది రాయిలా కుదిరాక అయిదు అడుగుల దూరంలో, తర్వాత ఇరవై, ఆ తర్వాత డమ్మీ వైపు పరిగెత్తుతుండగా మధ్యలో. చివరిదే అసలు పరీక్ష. ఆగకపోతే మళ్లీ మళ్లీ ఊదకండి, విజిల్ అంటే పట్టించుకోనక్కర్లేదని మీరే నేర్పినట్టవుతుంది. నడిచి వెళ్లి, కోపం లేకుండా, ఎక్కడ ఆగాల్సిందో అక్కడికే తెచ్చి కూర్చోబెట్టండి. రోజుకి పది నిమిషాలు చాలు. లాబ్రడార్లకు చాలామంది వాడే ఆక్మే 211.5 విజిల్ గానీ, స్పానియళ్లకు వాడే 210.5 గానీ తీసుకుంటే ఒకటి పోయినా అదే శ్రుతిలో ఇంకోటి దొరుకుతుంది. మెడలో రెండు వేసుకోండి.

ఆగడం కుదరని కుక్కను ఆ సీజన్‌కి ఇంట్లోనే ఉంచండి. పక్షి లేవగానే వెంటపడే కుక్క, తక్కువ ఎత్తులో పేల్చే తూటా దారిలోకి వెళ్తుంది. ఏడాదిన్నర కూడా నిండని కుక్కపిల్లను ‘చూసి నేర్చుకుంటుందిలే’ అని షూట్‌కి (వేటకి) తేవడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

తుపాకీ చప్పుడు, దీపావళి టపాసులు

చప్పుడును దూరం నుంచి మెల్లగా పరిచయం చేయాలి. మొదట చిన్న శబ్దం, అదీ వంద గజాల అవతల, కుక్క ఇష్టమైన పనిలో ఉన్నప్పుడు. అది తలెత్తి చూసి మళ్లీ తన పనిలో పడితేనే ఇంకో రోజు దగ్గరికి జరగండి. చెవి పక్కన పేల్చి ధైర్యం నేర్పాలనుకుంటే ఆ భయం జీవితాంతం పోకపోవచ్చు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. దీపావళి, బ్రిటన్‌లో టపాసులు కాల్చే నవంబరు 5 బాన్‌ఫైర్ నైట్ సరిగ్గా సీజన్ మధ్యలోనే వస్తాయి. తుపాకీకి అలవాటైన కుక్క కూడా టపాసులకు బెదరవచ్చు, ఆ బెదురు తర్వాత తుపాకీ చప్పుడుకి అంటుకోవచ్చు. చీకటి పడకముందే బయటికి తిప్పి తెచ్చేయండి. కర్టెన్లు వేసి, టీవీ పెట్టి, ఎవరో ఒకరు పక్కనే ఉండండి. అలాంటి రాత్రి తర్వాత రెండు మూడు రోజులు షూట్‌కి తీసుకెళ్లకపోతే మంచిది.

పండగ వంటలు కూడా దానికి అందకుండా చూడండి. లడ్డూలో, పాయసంలో వేసే కిస్మిస్ కుక్క కిడ్నీలను పాడుచేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ అన్నీ విషమే. కుంటుతోంది కదా అని మన ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ మాత్ర వెట్ చెప్పకుండా వేయకండి.

ముళ్లతీగ, నీళ్లు, బురద

పనిలోకి దించేముందు కాలర్ తీసేయండి. పొదల్లోనో తీగకో చిక్కుకుంటే ఉరి పడుతుంది. మామూలప్పుడు పేరు, అడ్రస్ ఉన్న కాలర్ తప్పనిసరి అయినా, వేట పనిలో ఉన్న కుక్కకు చట్టం మినహాయింపు ఇచ్చింది. కుక్క ఒంట్లో పెట్టిన మైక్రోచిప్ రికార్డులో మీ ఇప్పటి ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఉన్నాయో లేదో మాత్రం సీజన్‌కి ముందే చూసుకోండి.

కంచె అవతల పక్షి పడితే కుక్కను తీగ మీదుగా దూకించకండి. గేటు దాకా నడవండి, లేదా చేత్తో ఎత్తి దాటించండి. కర్రలు విసిరి ఆడించే అలవాటు కూడా మానేయండి. నేలలో గుచ్చుకుని నిలబడ్డ కర్ర మీదికి నోరు తెరిచి దూసుకెళ్లి గొంతు చీరుకున్న కుక్కలు ఏటా వెట్‌ల దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

ఎండాకాలం చివర చెరువుల అంచున పచ్చటి, నీలిపచ్చ తెట్టె కనిపిస్తే ఆ నీళ్లు ముట్టనివ్వకండి. ఆ నాచు విషం కొన్ని గంటల్లోనే చంపగలదు. చలికాలంలో ఉధృతంగా పారే ఏట్లోకి ఒక్క బాతు కోసం కుక్కను పంపకండి. ఈత తర్వాత మర్నాడు తోక విరిగినట్టు వేలాడితే కంగారు పడొద్దు. చలికీ శ్రమకీ తోక మొదట్లో కండరం పట్టేయడం అది, విశ్రాంతితో కొద్ది రోజుల్లో పోతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో లెప్టోస్పైరోసిస్ ఉంటుంది కాబట్టి ఆ టీకా ఏటా వేయించాలి.

నవంబరు నుంచి మే దాకా బురద అంటిన కాళ్లు, పొట్ట కడిగేయండి. 2012 నుంచి బ్రిటన్‌లో కనిపిస్తున్న అలబామా రాట్ అనే జబ్బు, కాళ్ల మీద చిన్న పుండులా మొదలై కిడ్నీల దాకా వెళ్తుంది. దాని కారణం ఇంకా తేలలేదు. దెబ్బ తగలకుండా పుండు వస్తే ఆ రోజే వెట్‌ని కలవండి. ఇక తుపాకీ దెబ్బకు కాకుండా దానంతటదే చచ్చి పడి ఉన్న పక్షిని కుక్క నోట పెట్టనివ్వకండి, బర్డ్ ఫ్లూ భయం ఉంది.

తిండి వేళలు

షూట్ ఉన్న రోజు పొద్దున కొంచెమే పెట్టండి, అదీ పనికి రెండు మూడు గంటల ముందు. మధ్యాహ్నం ఇంకొంచెం. స్పానియల్ లాంటివి షుగర్ పడిపోయి వణుకుతూ కూలబడొచ్చు కాబట్టి జేబులో ఏదో ఒక తిండి ఉండాలి. పెద్ద భోజనం ఇంటికొచ్చి గంటసేపు చల్లబడ్డాకే. నిండు కడుపుతో పరిగెత్తితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. డోకు వచ్చినట్టు లాగుతూ ఏమీ కక్కలేకపోయినా, పొట్ట డోలులా బిగుసుకున్నా, కుదురుగా పడుకోలేకపోయినా రాత్రి ఎన్ని గంటలైనా వెట్‌కి ఫోన్ చేసి బయల్దేరిపోండి. ఇందులో ఆలస్యం కుదరదు.

సాయంత్రం తనిఖీ

అన్నం పెట్టేముందు కుక్కను వెలుతురులో నిలబెట్టండి. ముక్కు నుంచి తోక దాకా వెంట్రుకలకు ఎదురుగా చేతులు పోనివ్వండి. చంకల్లో, ఛాతీ కింద తీగ గీరిన చోట చర్మం చిన్న కవరులా చిరిగి, పైన వెంట్రుకలు మూసేసి ఉంటాయి. కంటికి కనిపించదు, వేళ్లకు తడిగా తగులుతుంది. తర్వాత ఒక్కో కాలివేళ్ల మధ్య విడదీసి చూడండి. ఆగస్టులో గడ్డిముల్లు అక్కడే దూరి, లోపలికే ప్రయాణిస్తుంది, బయటికి రాదు. చెవి అదే పనిగా గోకుతున్నా, తల ఒక పక్కకు వంచినా చెవిలో గడ్డిముల్లు ఉందేమోనని అనుమానించండి. పిడుదులు (గోమార్లు) చెవుల అంచున, గజ్జల్లో పట్టుకుంటాయి. వాటిని పిండకుండా, పిడుదు కొక్కెంతో తిప్పి తీయాలి. కాలో మూతో హఠాత్తుగా వాచి, రెండు చిన్న గాట్లు కనిపిస్తే ఆడర్ పాము కావచ్చు. బ్రిటన్‌లో ఉన్న ఒకే ఒక్క విషపు పాము అది, మన రక్తపింజర కుటుంబానిదే. కట్టు బిగించకండి, గాటు పెట్టకండి, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లండి.

కారులో ఉండాల్సినవి: అయిదు లీటర్ల నీళ్లు, గిన్నె, కళ్లు కడగడానికి సెలైన్, కట్టు గుడ్డలు, పిడుదు కొక్కెం, పొడి తువ్వాళ్లు, షూట్‌కి దగ్గర్లోని వెట్ ఫోన్ నంబర్. ఆ నంబర్‌ని కాగితం మీద రాసి పెట్టుకోండి, చాలా కొండల మీద ఫోన్‌లో ఇంటర్నెట్ రాదు. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో కీపర్‌ని (ఆ వేట భూమిని చూసుకునే మనిషిని) పొద్దున్నే అడిగి ఉంచుకోండి.