ఊళ్లో పాత ఇంటికి తాళం వెయ్యకండి, తక్కువ అద్దెకైనా ఇచ్చి నిలబెట్టుకోండి

అమ్మానాన్న పోయాకో, మన దగ్గరికి వచ్చేశాకో ఊళ్లో ఇంటిని ఏం చెయ్యాలో తెలీక తాళం వేసి వచ్చేస్తాం కదా, మేమూ అదే చేశాం, రెండు వానాకాలాలు గడిచేసరికి వెనక గది వాసాలు చెదలు తినేసి పెంకంతా కిందికొచ్చింది. రోజూ ఊడ్చి, పొయ్యి వెలిగించి, తలుపులు తీసే మనుషులుంటే చెద పట్టిన వారంలోనే కనపడేది.

అద్దెకి ఎవరొస్తారు అంటారా, చాలామంది ఉన్నారండీ. ఆంధ్రాలో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక సర్వేయర్లు, డిజిటల్ అసిస్టెంట్లు, ఏఎన్ఎంలు (ఊరి నర్సులు), వీళ్లుకాక స్కూలు టీచర్లు, ఊళ్లో సరైన ఇల్లు దొరక్క టౌన్లో ఉండి రోజూ బండి మీద తిరుగుతున్నారు. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే నర్సమ్మ పక్క వీధిలోనే ఉండటం ఎంత ధైర్యమో ఆ ఇంటివాళ్లని అడగండి.

ముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక మాట మీదకి రండి. సగం ఇళ్లకి తాళాలు పడేది వాటాలు తేలకే. అద్దె ఒక్క అకౌంట్లోనే పడాలి, అది ఇంటి రిపేర్లకే అని రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి.

తర్వాత రిపేర్లు. డబ్బు మొదట పైకప్పు మీద పెట్టండి, రంగులు తర్వాత చూసుకోవచ్చు. వానలు పడకముందే, ఎండల్లో పెంకు నేయించండి, కోతులు తిరిగే ఊరైతే ఓ వంద పెంకులు పక్కన పెట్టుకోండి, పాత సైజు కొత్తవాటితో కలవదు కాబట్టి ఎవరైనా ఇల్లు పడగొడుతుంటే అక్కడే కొనేయండి. మట్టిగోడలకి మాత్రం సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించొద్దు, అందరూ చేసే తప్పు ఇదే, చెమ్మ బయటికి పోలేక లోపల మట్టి మెత్తబడి పైన పెచ్చులు ఊడతాయి, మట్టితోనే మెత్తించి సున్నం కొట్టించండి. బాత్రూమ్ దొడ్డి చివర ఉంటే ఇంటికి ఆనించి కొత్తది కట్టించండి, ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ముందు చూసేది అదే. వైరింగ్ పాతదైతే మొత్తం మార్పించి ఎర్త్ వేయించండి.

అద్దెని టౌన్ రేటుతో పోల్చొద్దు. ఏడాదికి చిన్న రిపేర్లు, ఇంటి పన్ను కలిపి 18,000 అవుతుందనుకోండి, నెలకి 1,500, పెద్ద రిపేరు కోసం ఇంకో 500, మొత్తం 2,000 తీసుకుంటే ఇల్లు తన ఖర్చు తనే పెట్టుకుంటుంది, ప్రైవేట్ స్కూలు టీచరు కూడా కట్టగలదు. అడ్వాన్స్ రెండు నెలలు చాలు, కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం రాష్ట్రాలకి నమూనాయే అయినా ఇళ్లకి అందులో పెట్టిన హద్దు అదే.

ఎంత తెలిసినవాళ్లైనా కాగితం రాసుకోండి. అందరూ 11 నెలలు ఎందుకు రాస్తారంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటుంది, కానీ ఆంధ్రాలో 1999 సవరణ తర్వాత కాగితం మీద రాసుకున్న లీజు ఎన్ని నెలలదైనా రిజిస్టర్ చేయించాలి. నెలవారీ అద్దెకి చట్టం 15 రోజుల నోటీసు చాలంటుంది, కానీ మీరు రెండు నెలలు రాయండి, పిల్లల చదువు మధ్యలో ఎవర్నీ ఖాళీ చేయించకండి.

ఇల్లు మీ పేరు మీద ఉండి మీరు ఎన్నారై అయితే అద్దెకున్నవాళ్లు అద్దెలోంచి 30 శాతం, పైన సెస్సు టీడీఎస్‌గా (మీ ఆదాయపన్ను కింద ముందే) కోసి ప్రభుత్వానికి కట్టాలి, రెండు వేల అద్దెకి ఆ టీచరమ్మని ఇందులో ఇరికించకుండా ముందే సీఏతో మాట్లాడుకోండి.

చిన్న రిపేర్లు వాళ్లనే చేయించుకోనిచ్చి అద్దెలో తగ్గించండి. మా ఇంట్లో ఉంటున్న ఏఎన్ఎం గారు మొన్న వానకి కారిన చోటు ఫొటో పంపారు, మర్నాడే మనిషిని పిలిచి నాలుగు పెంకులు మార్పించారు, 300 అయింది, ఆ నెల 1,700 వేశారు.