బెలీజ్ నుంచి బార్డర్ దాటి టికాల్‌కు రోడ్డు మీద ఎట్ల పోవాలె

వరంగల్, హన్మకొండల ఎవరింట్ల చూసినా డాలస్‌లనో హ్యూస్టన్‌లనో పిల్లలుంటరు, వాళ్ల దగ్గరికి పోయినప్పుడు ఒక వారం దొరికితే మధ్య అమెరికాల మాయా అనే పాతకాలపు జాతోళ్లు కట్టిన కట్టడాలు చూసి రాండ్రి. ఆ రెండు ఊర్ల నుంచి బెలీజ్ దేశంల ఉన్న బెలీజ్ సిటీకి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నయి, అక్కడికెళ్లి రోడ్డు మీదనే పక్క దేశం గ్వాటెమాలల ఉన్న మాయాల పాత నగరం టికాల్‌కు పోవచ్చు.

ముందు వీసా. రెండు దేశాలది వేర్వేరుగ చూసుకోవాలె, రూల్స్ మారుతుంటయి కాబట్టి టికెట్ కొనకముందే ఎంబసీలల కనుక్కోండ్రి, గ్వాటెమాల ఎంబసీ ఢిల్లీల ఉంది. మళ్ల బెలీజ్ మీదికెళ్లే వచ్చేటట్టయితే రెండోసారి ఎంట్రీ ఉంటదా, అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అన్నది కూడ చూసుకోవాలె.

రాత్రి బార్డర్ దగ్గరి బెలీజ్ ఊరు శాన్ ఇగ్నాసియోల ఉండి పొద్దుగాల్నే బయల్దేరుండ్రి, చీకటి పడ్డంక ఈ దారిల తిరగొద్దు. బార్డర్ల బెలీజ్ వైపు ఎగ్జిట్ ఫీజు ఉంటది, నగదు చేతిల పెట్టుకోండ్రి. రెండు బెలీజ్ డాలర్లకు ఒక అమెరికా డాలర్, అటు దిక్కు నడిచేది కెట్సాల్, పైసలు మార్చెటోళ్లు మీదికి వస్తరు, ఆ రోజు రేటు ముందే తెలుసుకొని కొన్ని పైసలే మార్చుకోండ్రి. గ్వాటెమాల కౌంటర్ల స్టాంప్ పడ్డదా, తేదీ సరిగ్గ ఉన్నదా అని అక్కడనే పేజీ తిప్పి చూడాలె. మోపాన్ వాగు మీద బ్రిడ్జి దాటితే మెల్చోర్ ఊరు, అక్కడ ఫ్లోరెస్ టౌన్‌కు పొయ్యే వ్యాన్ ఎక్కి ఇష్లూ క్రాస్‌రోడ్డు కాడ దిగి టికాల్ బండి పట్టుకోవాలె, ఆలస్యమైతే దారిల ఎల్ రెమాటే అనే ఊర్ల ఉండొచ్చు.

మాంసం తిననోళ్లు బీన్స్‌ల పంది కొవ్వు వేసిన్రా అని అడిగే తినుండ్రి, మక్క రొట్టెలు, గుడ్లు, అవకాడో అంతట దొరుకుతయి.

టికాల్‌ల టెంపుల్ 4 దాదాపు 65 మీటర్ల ఎత్తు, పక్కన చెక్క మెట్లు ఉన్నయి, పైకెళ్లి చూస్తే అడవి మీదికెళ్లి మిగిలిన గుళ్ల తలలు కనిపిస్తయి. దాని గుమ్మాల మీది దూలాలు సపోటా కట్టెవి, బొమ్మలు చెక్కినయి స్విట్జర్లాండ్‌ల బాసెల్ మ్యూజియంల ఉన్నయి. ఇనుప ఉలి లేకుంట, ఎడ్లబండి లేకుంట కట్టిన్రు ఇదంత.

నేను మాత్రం నీళ్ల సంగతి చూడమంట. ఊరి పక్కన నది లేదు, అందుకే గుళ్ల ముందటి ఖాళీ చౌకుల నేలకు సున్నం గచ్చు వేసి వాలు పెట్టి, వాన నీళ్లన్ని కింద చెరువులల్లకు పొయ్యేటట్టు చేసిన్రు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు చూసి పెరిగిన మనకు ఆ పని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వాటిల చెట్లు మొలిచి గుంతల తీరుగ కనిపిస్తయి, పక్కకెళ్లి నడిచినా గుర్తుపట్టలేరు, గైడ్‌ను అడిగి చూపిచ్చుకోండ్రి.

టికాల్‌ల దిగంగనే వాపస్ పొయ్యే ఆఖరి వ్యాన్ ఎన్ని గంటలకో డ్రైవర్‌ను అడిగి పెట్టుకోండ్రి, సాయంత్రం బండ్లు తక్కువ.