మూత తీస్తే కంపు కొట్టని కంపోస్ట్ డ్రమ్ము

మూత ఉన్న డ్రమ్ము గానీ పెద్ద బకెట్ గానీ తీసుకోండి. అడుగునా పక్కలా పెన్సిల్ దూరేంత చిల్లులు పెట్టి, కింద ఒక పళ్ళెం ఉంచి, లోపల నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు పరిస్తే సామాను పని అయిపోయినట్టే. తొక్కలు, కాడలు, కాఫీ పిప్పి ఏవైనా వేయొచ్చు, ముక్కలు మాత్రం చిన్నగా కోయండి. మాంసం, ఎముకలు, నూనె వద్దు.

అందరూ చెడగొట్టేది తడి దగ్గరే. కూరగాయ తొక్కల్లో ముప్పావు వంతుకు పైనే నీళ్ళు. బయట కుప్పగా పోస్తే ఆ తడి గాలికి ఆరిపోతుంది, మూసిన డ్రమ్ములో ఎక్కడికి పోతుంది? ఆవిరై పైకెళ్ళి, మూతకి చెమటలా పట్టి, మళ్ళీ చెత్త మీదే కారుతుంది. గాలి ఆడాల్సిన సందులన్నీ నీళ్ళతో నిండిపోతే కుళ్ళిన గుడ్డు కంపు మొదలవుతుంది, అప్పుడు ఇంట్లోవాళ్ళు "ఇది మన వల్ల కాదు" అని డ్రమ్ముని బయట పెట్టేస్తారు.

అందుకే ఒక మగ్గు తడి చెత్త వేస్తే రెండు మగ్గుల పొడి సరుకు పడాల్సిందే, అదీ అప్పటికప్పుడే, రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఎండుటాకులు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు, ఏదైనా సరే. న్యూస్ పేపర్ నేను ఒప్పుకోను, తడిస్తే పొరలు పొరలుగా అతుక్కుపోయి గాలిని ఆపేస్తుంది.

సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు ఊరితే బాగుంది, ధారగా కారితే పొడి సరుకు కలపాలి, చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే కాసిని నీళ్ళు చల్లాలి. పిండేది పైపైన తీసి కాదు! మొదట్లో నేనలాగే చూసుకుని మురిసిపోయాను, నెల తర్వాత తిరగేస్తే అడుగున అంతా నల్లటి బురద. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీయండి, గ్లౌజులు వేసుకోండి.

ముక్కు మండించే ఘాటు వస్తే అది అమ్మోనియా, దానికీ మందు పొడి సరుకే. సున్నం చల్లితే ఆ ఘాటు ఇంకా పెరుగుతుంది. బొకాషీ గొప్పదంటారు గానీ, అది చెత్తని గాలి తగలకుండా ఊరబెట్టడం, రెండు వారాలయ్యాక మళ్ళీ మట్టిలో కలపాల్సిందే, నాకంత ఓపిక లేదు.

వారానికి రెండుసార్లు అడుగు నుంచి కలపండి. నిండాక కొత్త చెత్త వేయకుండా రెండు మూడు నెలలు వదిలేస్తే, నల్లగా మారి తొలకరి మట్టి వాసన వస్తుంది. అప్పుడు జల్లించండి. జల్లెడలో మిగిలిన కాడలు పారేయకుండా కొత్త డ్రమ్ము అడుగున వేసుకోండి, చెత్త కుళ్ళడం మొదలవడానికి కలిపే స్టార్టర్ పొడి కొనే పని ఉండదు.