గ్రోమెట్ ఊడిపోయాక కూడా పిల్లల వినికిడి టెస్టులు ఆపకండి

మా బాబుకి నాలుగేళ్లప్పుడు కర్ణభేరి వెనకాల జిగురులాంటి నీరు చేరిందని రెండు చెవుల్లో గ్రోమెట్లు (లోపలికి గాలి ఆడేలా కర్ణభేరిలో పెట్టే బుల్లి గొట్టాలు) వేశారు. వారం తిరక్కుండానే మిక్సీ వేస్తే చెవులు మూసుకున్నాడు, హమ్మయ్య వినపడుతోంది అనుకుని ఫైల్ బీరువా మీద పడేశాం, అక్కడే పొరపాటు చేశాం.

గ్రోమెట్ మామూలుగా 6 నుంచి 18 నెలల్లో దానంతటదే ఊడొచ్చేస్తుంది. అది ఉన్నన్నాళ్లూ లోపలికి గాలి ఆడుతుంది కాబట్టి బాగానే వినపడుతుంది, ఊడాక కొందరికి మళ్లీ నీరు చేరుతుంది, మావాడికీ అదే అయింది. అందుకే ఆపరేషన్‌కి ముందు ఒక ఆడియోగ్రామ్ (వినికిడి టెస్టు గ్రాఫ్), తర్వాత 3 నెలల్లోపు చెకప్‌తో పాటు ఒకటి, ఊడాక ఇంకొకటి, మూడూ ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఆ మూడోదే చాలామంది వదిలేసేది.

కాగితం చూడటం కష్టమేం కాదు. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూలు ఎడమ చెవి, గీత కిందికి దిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. 20 డెసిబెల్స్ లోపుంటే సాధారణంగా కంగారు లేదు, నీరున్నప్పుడు తరచుగా 25-30 దగ్గర ఉంటుంది. టింపనోగ్రామ్‌లో (కర్ణభేరి ఎంత కదులుతుందో చూసే టెస్టు) గీత కొండలా లేస్తే మంచిది, చదునుగా ఉంటే నీరుందేమో చూడాలి, కాకపోతే గ్రోమెట్ లోపల పనిచేస్తున్నప్పుడు చదునుగానే వస్తుంది, అది చూసి నాలా ఏడవకండి.

కర్ణభేరి మీద తెల్ల మచ్చలు పడ్డాయంటే చాలాసార్లు వినికిడికి పెద్ద తేడా ఉండదు. నూటికి ఇద్దరికి అటూ ఇటూగా చిన్న రంధ్రం మిగులుతుంది, ఎక్కువకాలం ఉండే T ఆకారపు గ్రోమెట్లైతే (టీ ట్యూబులు) ఇంకా చాలా ఎక్కువమందికి. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని మాత్రం ఏళ్ల తరబడి చూపించాల్సిందే.

చెవి కారితే మెడికల్ షాపువాడు ఇచ్చిన జెంటామైసిన్ చుక్కలు వేసేయకండి, ట్యూబ్ గుండా లోపలి చెవికి చేరితే వినికిడే దెబ్బతినొచ్చు, డాక్టర్ రాసినవే వేయండి. మా అత్తయ్య గోరువెచ్చని నూనె గిన్నె పట్టుకొచ్చినప్పుడు ఇంట్లో చిన్న యుద్ధమే అయింది అనుకోండి.

ఇంట్లో నేను చేసేదేంటంటే, వాడి వెనక మూరెడు దూరంలో నిలబడి ఒక చెవి మూయించి గుసగుసగా "పప్పు, కప్పు, చెప్పు" అని ఒక్కో మాట తిరిగి చెప్పమంటా. చాక్లెట్ అనే మాట మాత్రం వాడొద్దు, అది ఏ చెవికైనా వినపడుతుంది. పప్పుని కప్పు అనడం మొదలెట్టాడా, జలుబుంటే అది తగ్గాక మళ్లీ చూసి, అప్పటికీ అంతే అంటే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా తీసుకెళ్లిపోతా.