పోలిక కనిపించగానే బాణం గీయొద్దు (ఆలోచనల జాడ: 4వ పాఠం)

ఎవరి ఆలోచన ఎవరి మీద ప్రభావం చూపిందో బాణాలతో చూపిస్తూ పోయినసారి గీసి పంపమన్న పటాల్లో చాలావరకు ఒకే తప్పు ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ బృందపు తత్వవేత్తలు అడార్నో, హోర్క్‌హైమర్‌ల నుంచి ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకోకి లావుపాటి బాణం. కారణం: "వీళ్ళందరూ హేతువు పేరుతో సాగే పెత్తనాన్ని విమర్శించారు." అది పోలిక మాత్రమే. ఇది తేలేదాకా ఆ బృందపు తర్వాతి తరం హేబర్మాస్ జోలికి వెళ్ళను.

ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళ గురించి సకాలంలో తెలిసి ఉంటే తనకు బోలెడు శ్రమ తప్పేదని 1983 నాటి ఇంటర్వ్యూలో ఫూకోనే అన్నాడు. జైళ్ళ పుట్టుక మీద ఆయన పుస్తకం వచ్చింది 1975లో. అంటే లావుపాటి బాణం నిలవదు. అయితే బాణం మొత్తం కొట్టేయాలా? అక్కర్లేదు. ఆ పుస్తకంలోనే రూషె, కిర్ఖ్‌హైమర్‌లు శిక్షల మీద రాసిన గ్రంథం ప్రస్తావన ఉంది. దాన్ని 1939లో తెచ్చింది, అప్పటికి న్యూయార్క్ చేరిన ఫ్రాంక్‌ఫర్ట్ బృందపు పరిశోధన సంస్థే! సన్నదే అయినా అసలు బాణం అది. మీలో ఒక్కరూ గీయలేదు. అందుకే నేను ఏ పుస్తకమైనా ముందు ఫుట్‌నోట్లు, పేర్ల సూచిక చూసి, ఆ తర్వాతే మొదటి పేజీకి వస్తాను. దొడ్డిదారే, కానీ పని జరుగుతుంది.

నాకు నిజంగా చిరాకు తెప్పించింది ఇంకొకటి: మార్క్స్ 1844 రాతప్రతుల నుంచి హంగరీ మార్క్సిస్టు తత్వవేత్త లూకాచ్ 1923 పుస్తకానికి గీసిన బాణం. రాసిన ఏడాది వేరు, చదివేవాళ్ళ చేతికి దొరికిన ఏడాది వేరు. ఆ ప్రతులు పూర్తిగా అచ్చయింది 1932లో. లూకాచ్ చేతిలో ఉన్నది మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో సరుకుల మాయ గురించిన భాగం, దాంతోపాటు హైడెల్‌బర్గ్‌లో సాన్నిహిత్యం ఉన్న సమాజ శాస్త్రవేత్త వెబర్ ఆలోచనలు. వాటితోనే, ఆ రాతప్రతుల్లో ముఖ్యమైన పరాయీకరణ (మనిషి తన శ్రమకే పరాయివాడు కావడం) అన్న ఆలోచనకు దగ్గరగా వచ్చాడు. 1844 ప్రతుల నుంచి జర్మన్ తత్వవేత్త మార్క్యూజాకి మాత్రం ధైర్యంగా గీయండి, ప్రతులు వచ్చిన ఏడాదే వాటి మీద వ్యాసం రాశాడు. ఇటలీ కమ్యూనిస్టు నేత గ్రాంషీ జైలు నోట్‌బుక్కులదీ ఇదే కథ. అవి అచ్చు మొహం చూసింది రెండో ప్రపంచయుద్ధం అయ్యాకే. 1930ల పటంలో వాటి నుంచి బాణాలు బయల్దేరకూడదు. అనువాదం వచ్చిన ఏడాది కూడా చూడాలి. అడార్నో, హోర్క్‌హైమర్‌ల 'జ్ఞానోదయ గతితర్కం' జర్మన్‌లో 1947లో అచ్చయితే, ఫ్రెంచ్‌లోకి 1974లో గానీ రాలేదు.

అభ్యాసం ఒక్కటే, కాస్త టైమ్ పడుతుంది. గుర్తింపు కోసం పోరాటం మీద జర్మన్ తత్వవేత్త హోనెత్ 1992 పుస్తకంలో అమెరికన్ తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ కనిపిస్తాడు. హేబర్మాస్ 1981 గ్రంథంలోనూ ఉన్నాడు. హోనెత్‌కి మీడ్ తన గురువు హేబర్మాస్ ద్వారా వచ్చాడా, వేరే దారిలోనా? బాణం గీసేముందు సమాజ శాస్త్రవేత్త హాన్స్ యోవాస్‌తో కలిసి హోనెత్ 1980లో రాసిన పుస్తకం తెరవండి.