ముసురుకు చామంతులు వాడిపోతుంటే నేను చేసింది

మాది నెల్లూరు, డాబా మీద ఆరు చామంతి కుండీలు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వస్తే నాలుగు రోజులు ముసురే. మట్టి తడిగానే ఉంటుంది, ఆకులు మాత్రం నీళ్లు లేనట్టు వేలాడతాయి, కింది నుంచి పసుపెక్కుతాయి. వేపనూనె, వర్మీకంపోస్టు, మందు పొడి, ఏవీ పనిచేయలేదు.

చివరికి విసుగొచ్చి ఒక కుండీ బోర్లిస్తే సంగతి తెలిసింది. అడుగు బొక్క గచ్చుకు ఆనుకుని బురదతో బిగుసుకుపోయింది, నీళ్లు పోయే దారే లేదు. వేర్లు సగం గోధుమరంగులో ఉన్నాయి, లాగితే పైతొక్క ఊడొస్తోంది, కాలవ కంపు, అంటే కుళ్లిపోయాయి. మెత్తబడ్డవన్నీ కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవే ఉంచా. కాల్చిన మేకుతో ప్లాస్టిక్ కుండీకి ఇంకో నాలుగు బొక్కలు పెట్టి, వాటిమీద పెంకు ముక్కలు పరిచి, ఎర్రమట్టిలో సగానికి సగం ఏటి ఇసుక కలిపి మళ్లీ నాటా (సముద్రం ఇసుక వద్దు, ఉప్పు). బలం వేర్లకు పోవాలని మొగ్గలన్నీ తుంచేశా, దానికి అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి, సన్‌షేడ్ కిందకు జరిపి, వేలు దూర్చి చూస్తే పైమట్టి ఆరిందనిపించేదాకా చుక్క నీళ్లు పోయలేదు.

మిగతా ఐదు కుండీలకూ ఇదే చేశా. పది రోజులకు చిగురు కనిపించింది. ఆరింటిలో నాలుగు బతికాయి, మొదలు దగ్గర నల్లబడ్డ రెండూ పోయాయి. గులాబీకి ఇదే పనిచేస్తుందో లేదో చెప్పలేను. మట్టి కుండీలైతే తొందరగా ఆరతాయి కాబట్టి ఇంత తంటా ఉండకపోవచ్చు.