మోకాలి లిగమెంటు గాయం తరువాత కోలుకోవడాన్ని కొలిచే పద్ధతి

కోనసీమలో చేనిగట్టు మీద జారి మోకాలి లిగమెంటు తెగినవారిని ఎలా ఉందని అడిగితే "పర్లేదండి" అంటారు. చికిత్సకు ఆ మాట చాలదు. మోకాలి పరిస్థితిని ప్రశ్నలు అడిగి అంచనా వేసే లైషోల్మ్ స్కోరు ఎనిమిది అంశాలను 100 మార్కులకు లెక్కిస్తుంది. నొప్పికి 25, మోకాలు పట్టు తప్పడానికి 25 కేటాయించడం ఎంతో సముచితం. జవాబులు బంధువులు కాక రోగే చెప్పాలి. బురదలో దిగినప్పుడు, బోదె దాటినప్పుడు, గభాలున పక్కకు తిరిగినప్పుడు మోకాలు జారుతోందా అని విడివిడిగా అడగాలి, ఎందుకంటే సిమెంటు రోడ్డు మీద నిలకడగా ఉన్న మోకాలే మెత్తని నేలలో పట్టు తప్పవచ్చు. వాపును సాయంత్రం పని ముగిశాక, చిప్ప మధ్యగా టేపు చుట్టి, రెండు కాళ్లకూ కొలిచి రాయాలి. ఒంటికాలి గెంతు పరీక్షను ఫిజియోథెరపిస్టు అనుమతించాకే చేయాలి. గాయపడిన కాలితో గెంతిన దూరాన్ని రెండో కాలితో గెంతిన దూరంతో భాగించి 100తో గుణిస్తే కనీసం 90 రావాలి, అయితే ఈ ఒక్క అంకెను చూసి ఎవరినీ కబడ్డీ బరిలోకి పంపకూడదు.